రెండో కాన్పు: రాత్రి రెండు గంటల ప్రశ్న

"మొదటిది ఆపరేషనైతే రెండోదీ ఆపరేషనే." ఈ మాట మన ఆఫీసు క్యాంటీన్లలో, అపార్టుమెంటు లిఫ్టుల్లో, పెళ్ళి భోజనాల దగ్గర ఎంత మామూలుగా వినిపిస్తుందంటే, అది ఒకళ్ళ అభిప్రాయం అని కూడా ఎవరికీ తోచదు. సూర్యుడు తూర్పున ఉదయిస్తాడు లాంటి మాట అన్నమాట. దానికి పోటీగా ఇంకో మాట కూడా ఉంది. "మన అమ్మమ్మలందరికీ నార్మలే కదా, ఈ హాస్పిటళ్ళ వాళ్ళు డబ్బుల కోసం కోసేస్తున్నారు, పట్టుబట్టి నార్మల్ చేయించుకోవాలి" అని. నాకు రెండో బిడ్డ కడుపులో ఉన్నప్పుడు ఈ రెండు మాటలూ చెరో చెవిలో ఎనిమిది నెలలపాటు మోగాయి. నా మటుకు నాకు రెండూ తప్పే అనిపిస్తాయి. ఎందుకు తప్పో చెప్పడానికే ఈ టపా.

ముందే ఒక మాట. నేను డాక్టర్ని కాదు. హైదరాబాదులో పదమూడేళ్ళుగా కోడ్ రాసుకుంటూ, మిగతావాళ్ళ కోడ్‌లో బగ్గులు ఏరుకుంటూ బతుకుతున్న మామూలు సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ని. ఇక్కడ రాసేది నా కేసు, దానికోసం నేను చదివినవి, అడిగి తెలుసుకున్నవి. మీ కేసు సంగతి మీ డాక్టరుగారే చెప్పాలి.

నా మొదటి కాన్పు 2018లో. ముప్ఫై ఎనిమిదో వారంలో ఉమ్మనీరు తగ్గిందన్నారు. నొప్పులు రావడానికి మందు పెట్టారు. పద్నాలుగు గంటలు నొప్పులు పడ్డాక నాలుగు సెంటీమీటర్ల దగ్గర ఆగిపోయింది. "ఇంక లాభంలేదమ్మా" అన్నారు, సంతకం పెట్టమన్నారు, పెట్టాను. పాప ఆరోగ్యంగా పుట్టింది. ఆ ఆపరేషన్ అవసరమా కాదా అనే చర్చలోకి నేను వెళ్ళను. ఆ గదిలో ఆ పూట ఏం జరిగిందో చూసినవాళ్ళు వాళ్ళు, నేను కాదు. కానీ ఆ తర్వాతి ఆరు వారాలు మాత్రం నాకు బాగా గుర్తు. మంచం మీదనుంచి లేవాలంటే పక్కకి ఒరిగి, మోచెయ్యి ఆనించి, పళ్ళు బిగించి లేవడం. దగ్గొస్తే కుట్ల మీద దిండు అదిమి పట్టుకోవడం. అప్పుడు ఇంట్లో ఒక్క పసిపిల్లే. రెండో కాన్పు నాటికి ఎత్తుకోమని మారాంచేసే నాలుగేళ్ళ పిల్ల కూడా ఉంటుంది కదా! అందుకే 2022లో రెండోసారి నెల తప్పగానే నాకొచ్చిన మొదటి ప్రశ్న - ఈసారి మామూలు కాన్పుకి ప్రయత్నించొచ్చా? దాన్ని వీబ్యాక్ అంటారని అప్పుడే తెలిసింది. సిజేరియన్ తర్వాత మామూలు కాన్పు అన్నమాట.

ఇక్కడ మన రాష్ట్రాల సంగతి కాస్త చెప్పాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి దాదాపు 61 కాన్పులు సిజేరియన్లే. దేశంలో మొదటి స్థానం. ఆంధ్రప్రదేశ్‌లో 42. దేశం మొత్తానికి 21.5. ప్రైవేటు ఆసుపత్రులు మాత్రమే తీసుకుంటే తెలంగాణలో 81 దాటింది. అంటే మన ఊళ్ళో ప్రైవేటు ఆసుపత్రిలో మొదటి బిడ్డని కన్న ఐదుగురిలో నలుగురు, రెండో బిడ్డ దగ్గరకొచ్చేసరికి నా ప్రశ్న ముందే నిలబడతారు. ఇంతమందికి ఉన్న ప్రశ్న గురించి మనం మాట్లాడుకునేది మాత్రం "మంచి ముహూర్తం చూసుకున్నారా?" అని మాత్రమే.

సరే, విషయానికొస్తాను. "ఒకసారి సిజేరియన్ అయితే ఎప్పుడూ సిజేరియనే" అన్న మాటకి ఒక పుట్టినరోజు ఉంది. 1916లో న్యూయార్క్‌లో ఎడ్విన్ క్రాగిన్ అనే ప్రసూతి వైద్యుడు అన్న మాట అది. తమాషా ఏంటంటే ఆయన ఉద్దేశం, అవసరం లేకుండా మొదటి సిజేరియన్ చెయ్యకండిరా బాబూ అని తోటి డాక్టర్లని హెచ్చరించడం. పైగా ఆ రోజుల్లో గర్భసంచిని పైభాగంలో నిలువుగా కోసేవాళ్ళు. నొప్పులప్పుడు బాగా బిగుసుకునేది ఆ పైభాగమే కాబట్టి అక్కడి కుట్టు విచ్చుకునే ప్రమాదం చాలా ఎక్కువ. తర్వాత తర్వాత కింది భాగంలో అడ్డంగా కొయ్యడం మామూలైంది. ఇప్పుడు మనలో ఎక్కువమందికి ఉండేది ఆ అడ్డకోతే. కోత మారింది, సామెత మాత్రం మారలేదు. పాత వెర్షన్‌కి రాసిన డాక్యుమెంటేషన్‌ని కొత్త వెర్షన్‌కి వాడటం మన ఫీల్డులోనే కాదు, అన్నిచోట్లా ఉంది :)

అయితే చర్మం మీద కనిపించే మచ్చ అడ్డంగా ఉన్నంత మాత్రాన లోపల గర్భసంచి మీదా అడ్డంగానే ఉందని నమ్మకం లేదట. అది ఆపరేషన్ నోట్స్‌లో చూడాలి. నా డిశ్చార్జ్ సమ్మరీలో ఆ ముక్క లేదు. మొదటి ఆసుపత్రి రికార్డుల గది చుట్టూ మూడుసార్లు తిరిగి, అప్లికేషన్ పెట్టి, నాలుగేళ్ళ కిందటి ఆ రెండు పేజీల జిరాక్సు తెచ్చుకున్నాను. కింది భాగం, అడ్డకోత. అది చూశాకే మిగతా లెక్కలు మొదలుపెట్టాను.

లెక్కలంటే ఇవి. అమెరికాలో 19 పెద్ద ఆసుపత్రుల్లో 1999 నుంచి 2002 దాకా చూసి 2004లో ఒక అధ్యయనం అచ్చయింది. సిజేరియన్ తర్వాత మామూలు కాన్పుకి ప్రయత్నించిన దాదాపు 17,900 మందిలో నూటికి 73 మందికి అయింది. పాత కుట్టు విచ్చుకున్నది నూటికి 0.7 మందికి. అంటే వెయ్యికి ఏడుగురు. అలా విచ్చుకున్న కేసుల్లో నూటికి ఆరింటిలో బిడ్డ దక్కలేదని 2010లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ సమావేశం తేల్చింది. తల్లి ప్రాణం విషయానికొస్తే అదే సమావేశం చెప్పిన అంచనా తిరగబడి ఉంటుంది: మామూలు కాన్పుకి ప్రయత్నించినవాళ్ళలో లక్షకి నలుగురు, ముందే అనుకుని మళ్ళీ సిజేరియన్ చేయించుకున్నవాళ్ళలో లక్షకి పదముగ్గురు. రెండూ చాలా చిన్న సంఖ్యలే. కానీ గమనించండి, ఒక దారిలో ప్రమాదం కొంచెం బిడ్డ వైపు మొగ్గుతుంది, ఇంకో దారిలో తల్లి వైపు. "ఏది సేఫ్?" అని అడిగితే "ఎవరికి?" అని తిరిగి అడగాలన్నమాట. ఈ ప్రశ్న మా ఇంట్లో భోజనాల దగ్గర అడిగినప్పుడు ఎవరూ మాట్లాడలేదు. మా ఆయన మాత్రం చెయ్యి కడుక్కునొచ్చి "నాకు ఇద్దరూ కావాలి" అన్నాడు. నాకూ అంతే. కానీ అది జవాబు కాదు కదా.

ఇంకో లెక్క ఎంతమంది పిల్లలు కావాలన్నది. ప్రతి సిజేరియన్‌కీ తర్వాతి కాన్పులో మాయ గర్భసంచి గోడలోకి పాతుకుపోయే ప్రమాదం పెరుగుతుంది. 2006లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనంలో, మాయ కిందికి ఉన్నవాళ్ళలో అలా పాతుకుపోవడం మొదటి సిజేరియన్‌లో నూటికి 3, రెండోదానిలో 11, మూడోదానిలో 40. మాకు ఇద్దరు చాలు అనుకున్నాం కాబట్టి ఈ లెక్క నన్ను అంతగా భయపెట్టలేదు. ముగ్గురు, నలుగురు కావాలనుకునేవాళ్ళకి మాత్రం అసలు లెక్క ఇదే.

మూడో లెక్క గురించి మన వాట్సాప్ వీరులు ఎవరూ చెప్పరు. దారులు రెండు కాదు, మూడు. ముందే అనుకుని చేసే సిజేరియన్ ఒకటి. ప్రయత్నించి మామూలుగా అయిపోయే కాన్పు ఒకటి. ప్రయత్నించి, గంటలకొద్దీ నొప్పులు పడి, చివరికి మళ్ళీ ఆపరేషన్‌కి వెళ్ళడం మూడోది. ఇన్ఫెక్షన్లు, రక్తం ఎక్కించాల్సి రావడం లాంటివి ఎక్కువగా జరిగేది ఈ మూడో దారిలోనే. మామూలుగా అయిపోతే అన్నిటికన్నా మేలు, మధ్యలో ఆగితే అన్నిటికన్నా కష్టం. అందుకే నాకు ఎంత అవకాశం ఉందన్నది తేల్చుకోవాలి.

దానికో కాలిక్యులేటర్ ఉంది. 2007లో అమెరికా వాళ్ళు తయారుచేశారు. వయసు, ఎత్తు, బరువు, ఇంతకుముందు మామూలు కాన్పు అయిందా, మొదటి సిజేరియన్ ఎందుకయింది లాంటివి ఇస్తే ఒక శాతం చెప్తుంది. అందులో జాతి అనే గడి కూడా ఉండేది. నల్లజాతి అనో హిస్పానిక్ అనో టిక్కుపెడితే స్కోరు తగ్గిపోయేది. ఆ గడి న్యాయం కాదని చాలామంది అడిగాక 2021లో దాన్ని తీసేసి కొత్తది పెట్టారు. ఆ కొత్తదాన్లో నాకు వచ్చింది 58. బిడ్డ అడ్డం తిరగడం లాంటి కారణంతో మొదటి సిజేరియన్ అయినవాళ్ళకి ఎక్కువ వస్తుంది. నాలా నొప్పులు ముందుకి సాగక అయినవాళ్ళకి తక్కువ.

58 అంటే ఏమనుకోవాలి? పాసయినట్టా, ఫెయిలయినట్టా? ఆ రాత్రి నిద్రపట్టక ఆ కాలిక్యులేటర్‌నే చూస్తూ కూర్చుంటే నాకో విషయం తట్టింది. అందులో నా గురించి ఇన్ని గడులున్నాయి. ఆసుపత్రి గురించి ఒక్క గడి కూడా లేదు!

ఇక్కడ మా అమ్మమ్మ గురించి చెప్పాలి. తెనాలి పక్కన పల్లెటూరు. ఏడు కాన్పులు, ఏడూ ఇంట్లోనే, మంత్రసాని చేతి మీద. ఫోన్‌లో నేను ఇదంతా చెప్పి, "నీకు అన్నీ నార్మలే కదా అమ్మమ్మా" అన్నాను. ఆవిడ మెచ్చుకుంటుందనే అనుకున్నాను. ఒక నిమిషం ఏం మాట్లాడలేదు. తర్వాత "ఏడింట్లో ఐదుగురు మిగిలారే. మూడోవాడు రెండు రోజులు అడ్డంపడి పోయాడు. బండి కట్టుకుని గుంటూరు పోదామనుకునేసరికి అయిపోయింది. ఆ రోజుల్లో కోసి తీసేవాళ్ళు దగ్గర్లో ఉంటే వాడికిప్పుడు డెబ్బయ్యేళ్ళు" అంది. వెనకటి రోజుల్లో అందరికీ నార్మలే అనేవాళ్ళకి ఆ "అందరి"లో మిగలనివాళ్ళు కనపడరు. ఆవిడ మాటల్లో నాకు బాగా పట్టుకున్నది "దగ్గర్లో ఉంటే" అన్న ముక్క.

అమెరికాలో జరిగిందీ అదే. 1996లో అక్కడ సిజేరియన్ అయిన ఆడవాళ్ళలో నూటికి 28 మంది తర్వాతి బిడ్డని మామూలుగా కన్నారు. పదేళ్ళు తిరిగేసరికి అది పదికన్నా కిందికి పడిపోయింది. ఆడవాళ్ళ ఒళ్ళు మారిపోయి కాదు. కుట్టు విచ్చుకున్న కేసులు, కోర్టు దావాలు చూశాక, 1999లో అక్కడి ప్రసూతి వైద్యుల సంఘం ఆపరేషన్ చెయ్యగల డాక్టరు అప్పటికప్పుడు అందుబాటులో ఉండాలని సిఫార్సు చేసింది. రాత్రంతా డాక్టర్నీ, మత్తు డాక్టర్నీ కూర్చోబెట్టలేని ఆసుపత్రులు అసలు వీబ్యాకే మానేశాయి. అంటే ఆడవాళ్ళు "ఎంచుకున్నారు" అనుకున్నదాంట్లో సగం, డ్యూటీ రోస్టర్ ఎంచుకుంది.

దాంతో నా ప్రశ్న మారిపోయింది. నార్మలా, సిజేరియనా అన్నది పక్కనపెట్టాను. ఒక తెల్లకాగితం మీద ఇలా రాసుకున్నాను: "రాత్రి రెండు గంటలకి నాకు అర్జెంటుగా ఆపరేషన్ చెయ్యాల్సొస్తే, చేసేవాళ్ళు ఆ టైములో ఎక్కడుంటారు?" ప్రొడక్షన్‌లోకి ఏదైనా పంపే ముందు మనం అడిగే ప్రశ్నే కదా. రోల్‌బ్యాక్ ఎలా, ఆన్‌కాల్ ఎవరు, ఎన్ని నిమిషాలు.

ఆ కాగితం పట్టుకుని మూడు చోట్లకి వెళ్ళాను. పేర్లు అనవసరం.

మొదటిది మా ఇంటికి పది నిమిషాల్లో ఉన్న పెద్ద కార్పొరేట్ ఆసుపత్రి. "మా పాలసీ ప్రకారం పాత సిజేరియన్‌కి మళ్ళీ సిజేరియనే. ముప్ఫై తొమ్మిదో వారంలో డేట్ ఇస్తాం" అన్నారు. కోపమొచ్చింది కానీ, తర్వాత ఆలోచిస్తే వాళ్ళు నిజాయితీగానే చెప్పారనిపించింది.

రెండోది మాకు తెలిసినవాళ్ళు చెప్పిన చిన్న నర్సింగ్ హోం. మేడమ్ చాలా మంచావిడ. నా చెయ్యి పట్టుకుని "భయపడకమ్మా, నార్మలే చేసేద్దాం, నేనున్నాగా" అంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఎనిమిది నెలల్లో ఆ మాటన్న మొదటి డాక్టరు ఆవిడే. అప్పుడు కాగితం తీసి ప్రశ్న అడిగాను. మత్తు డాక్టరు రాత్రిపూట ఉండరు, ఫోన్ చేస్తే వస్తారు. ఎక్కడినుంచి? ఎల్బీనగర్ నుంచి. నర్సింగ్ హోం ఉన్నది మియాపూర్‌లో. రక్తం కావాలంటే బయటి బ్లడ్ బ్యాంకు. నేను లేచి నమస్కారం పెట్టి వచ్చేశాను. హైదరాబాద్ ఆ మూల నుంచి ఈ మూలకి ఎంతసేపో మీకు వేరే చెప్పక్కర్లేదు. కుట్టు విచ్చుకుంటే బిడ్డకి ఉండేది నిమిషాలే. నాకు ఎంతో ఇష్టమైన జవాబు చెప్పిన చోటే నాకు అన్నిటికన్నా ఎక్కువ ప్రమాదం ఉంది.

మూడోది మాకు ముప్ఫైఐదు నిమిషాల దూరం. డ్యూటీ డాక్టరు, మత్తు డాక్టరు ఇరవైనాలుగు గంటలూ లోపలే ఉంటారు. కాన్పు గది, ఆపరేషన్ థియేటర్ ఒకే అంతస్తులో. అక్కడి మేడమ్ నా జిరాక్సులు పూర్తిగా చదివింది. "యాభైఎనిమిది అంటే ప్రయత్నించకూడనంత తక్కువేం కాదు, గ్యారంటీ ఇచ్చేంత ఎక్కువా కాదు. మీరు అటైనా ఇటైనా నేను కాదనను" అంది. నేను అక్కడ పేరు రాయించుకున్నాను.

ఇక ముహూర్తాల గొడవ. మా అత్తగారు మంచి మనిషి, నా పాపని నాలుగేళ్ళు పెంచింది ఆవిడే. కానీ పంతులుగారి దగ్గరినుంచి మూడు తేదీలు రాయించుకొచ్చింది. వాటిలో అన్నిటికన్నా గొప్పదట, పుష్యమి నక్షత్రం, ఉదయం 10-20కి. లెక్కేస్తే ముప్ఫై ఏడు వారాల రెండు రోజులు. తొందర కారణమేదీ లేనప్పుడు ముప్ఫైతొమ్మిదో వారం దాకా ఆగమనేది ఎందుకంటే, అంతకుముందే నొప్పులు లేకుండా కోసి తీసిన పిల్లలకి ఊపిరి ఇబ్బందులు ఎక్కువ. "అత్తయ్యా, పిల్లాడి ఊపిరితిత్తులకి పంచాంగం తెలీదు కదా" అన్నాను. నవ్విందో, కోపమొచ్చిందో తెలీలేదు. రెండు రోజుల తర్వాత "పోనీ, డాక్టరమ్మ ఎప్పుడంటే అప్పుడే. పుట్టిన టైము మాత్రం సరిగ్గా రాసుకోండి" అంది. అది ఆవిడ ఇచ్చిన పెద్ద రాయితీ.

చివరికి మేడమూ, నేనూ, మా ఆయనా కూర్చుని షరతులు రాసుకున్నాం. నొప్పులు వాటంతటవే రావాలి. వాషింగ్టన్ రాష్ట్రంలో ఇరవైవేల మందిని చూసిన ఒక అధ్యయనం 2001లో వచ్చింది. నొప్పులు వాటంతటవే వస్తే కుట్టు విచ్చుకోవడం వెయ్యికి 5, ప్రోస్టాగ్లాండిన్ మందు పెట్టి తెప్పిస్తే వెయ్యికి 24. అందుకని ఆ మందు ఊసే వద్దు. నలభై వారాల ఐదు రోజుల దాకా చూసి, రాకపోతే సిజేరియన్. నొప్పులు మొదలైనప్పటినుంచీ బిడ్డ గుండె చప్పుడు ఆపకుండా చూస్తూ ఉండాలి. నాలుగు గంటలు ముందుకి కదలకపోతే ఆపెయ్యాలి. డాక్టరు ఆపుదాం అంటే, ఎందుకని అప్పుడు వాదించకూడదు, తర్వాత అడగొచ్చు. ఈ ఆఖరిది నేనే రాశాను. నొప్పుల్లో ఉన్నప్పుడు నా బుర్ర ఎలా పనిచేస్తుందో నాకు తెలుసు.

ముప్ఫైతొమ్మిది వారాల ఐదో రోజు సాయంత్రం నొప్పులు వాటంతటవే వచ్చాయి. రాత్రి పదికల్లా ఐదు సెంటీమీటర్లు. నాకు పట్టరాని సంతోషం, మొదటిసారి నాలుగు దాటలేదు కదా. రెండు గంటలకి ఎనిమిది. మూడింటికి బిడ్డ గుండె చప్పుడు తగ్గడం మొదలైంది. ప్రతి నొప్పికీ కిందికి పడి, మళ్ళీ లేవడానికి ఎక్కువసేపు తీసుకుంటోంది. మేడమ్ స్క్రీన్ చూసింది, నన్ను చూసింది, "ఆపుదామమ్మా" అంది. నేను వాదించలేదు. ఇరవై రెండు నిమిషాల్లో బాబు ఏడుపు విన్నాను. మూడు కేజీల రెండొందలు. పాత కుట్టు బాగా పలచబడిందట, కానీ విచ్చుకోలేదు.

అంటే నేను ఆ మూడో దారిలోనే పడ్డాను. లెక్కలు ఏం చెప్పాయో అదే జరిగింది. నాలుగో రోజు జ్వరం, కుట్ల దగ్గర ఇన్ఫెక్షను, యాంటీబయాటిక్స్, మొత్తం ఎనిమిది రోజులు ఆసుపత్రిలో. ఇన్సూరెన్సు పరిమితి దాటిపోయి చేతినుంచి బాగానే పడింది. చూడటానికొచ్చినవాళ్ళలో సగంమంది "ఈమాత్రం దానికి అంత హైరానా ఎందుకు, ముందే డేట్ తీసుకుంటే పోయేది కదా" అన్నారు. మిగతా సగం "ఇంకో గంట ఓపిక పడితే నార్మల్ అయ్యేదేమో" అన్నారు. చూశారా, మొదట్లో చెప్పిన రెండు మాటలే, మళ్ళీ రెండు చెవుల్లో!

నాకైతే ఆ నిర్ణయం మీద ఇప్పటికీ విచారం లేదు. ఫలితం చూసి నిర్ణయాన్ని కొలిచే అలవాటు మనకి ఎక్కువ. నూటికి 58 అని తెలిసి, మిగతా 42 జరిగితే ఏం చెయ్యాలో ముందే రాసుకుని, అది చెయ్యగల చోటుకి వెళ్ళాను. 42 జరిగింది. రాసుకున్నదే చేశాం. అదే మియాపూర్ నర్సింగ్ హోంలో, అదే రాత్రి మూడింటికి, మత్తు డాక్టరు కారు స్టార్ట్ చేస్తూ ఉండేవాడు. ఆ ఒక్క ఆలోచన వచ్చినప్పుడల్లా పక్కన పడుకున్న పిల్లాడి వీపు మీద చెయ్యి వేసి చూసుకుంటాను.

కిందటేడు మా టీములో ఒకమ్మాయి సరిగ్గా ఇదే ప్రశ్నతో నా దగ్గరకొచ్చింది. భర్త డల్లాస్‌లో, తను కాన్పుకి నిజామాబాద్ దగ్గర పుట్టింటికి వెళ్తోంది. మొదటి కాన్పుకీ దీనికీ పద్దెనిమిది నెలలు కూడా ఎడం లేదు. అంత తక్కువ ఎడం ఉంటే కుట్టుకి ప్రమాదం ఎక్కువ. వాళ్ళ దగ్గర్లో రాత్రిపూట మత్తు డాక్టరు ఉండే చోటు లేదు. అన్నీ చూసుకుని తను మళ్ళీ సిజేరియనే అనుకుంది, ముప్ఫైతొమ్మిదో వారంలో. నాతో చెప్పడానికి ఎందుకో మొహమాటపడింది, నేను నార్మల్ పార్టీ అనుకుందేమో. నేనైనా అదే చేసేదాన్నని చెప్పాను. తను ఐదో రోజు ఇంటికి వెళ్ళిపోయింది.

ఆపరేషన్ చేయించుకుంటే తక్కువ తల్లీ కాదు, నొప్పులు పడితే ఎక్కువ తల్లీ కాదు. ప్రభుత్వాలు సిజేరియన్ల శాతం తగ్గిస్తామంటే నేను సంతోషిస్తాను. కానీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పినది కూడా గుర్తుంచుకోవాలి: ఫలానా శాతానికి చేరాలని కాకుండా, అవసరమైన ప్రతి ఆడమనిషికీ సిజేరియన్ అందేలా చూడాలి. శాతం తగ్గించాలంటే "నార్మల్ మంచిది" అని గోడల మీద రాస్తే సరిపోదు. కాన్పు గదిలో రాత్రంతా పక్కన కూర్చునే మనుషులు కావాలి. తెలంగాణ ప్రభుత్వం 2017లో కరీంనగర్‌లో నర్సులకి మిడ్‌వైఫరీ శిక్షణ మొదలుపెట్టింది. కేంద్రం 2018లో దేశం మొత్తానికి మార్గదర్శకాలు తెచ్చింది. అది సరైన దారి అని నా నమ్మకం. మత్తు డాక్టర్ల రోస్టర్ గురించి కూడా ఎవరైనా పట్టించుకుంటే ఇంకా సంతోషం.

ఇది చదివేవాళ్ళలో ఎవరైనా ఈ ప్రశ్న ముందు నిలబడి ఉంటే నేను చెప్పగలిగింది ఇంతే. మొదటి ఆపరేషన్ ఎందుకయిందో, కోత ఎలాంటిదో తెలుసుకోండి. ఇంకా ఎంతమంది పిల్లలు కావాలో మీరిద్దరూ ముందే మాట్లాడుకోండి. ఎక్కడ కనబోతున్నారో అక్కడికి వెళ్ళి, రాత్రి రెండు గంటల ప్రశ్న అడగండి. అడిగితే విసుక్కునే చోటైతే, జవాబు మీకు వచ్చేసినట్టే. అప్పుడు అటో ఇటో మీరే తేల్చుకోండి, ఎవరికీ సంజాయిషీ చెప్పక్కర్లేదు.

అన్నట్టు, ఆపరేషన్ నోట్స్ మాత్రం ఆఖరి నెల దాకా ఆగకుండా ఇప్పుడే తెచ్చుకోండి. రికార్డుల గది సాయంత్రం నాలుగింటికే మూసేస్తారు, శనివారం అసలు తియ్యరు.